ఏ అంతియొకయ? ఏ విజయనగరము?



మీ బైబిలులో అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయము తీయండి. 19వ వచనములో అంతియొకయ నుండియు ఈకొనియ నుండియు కొందరు లుస్త్రకు వచ్చి జనులను రేపిన సంగతి, పౌలును రాళ్లతో కొట్టిన సంగతి ఉన్నది. 21వ వచనానికి వస్తే పౌలు, బర్నబా తాము వచ్చిన దారినే లుస్త్రకు, ఈకొనియకు, అంతియొకయకు తిరిగి వెళ్లారు. సరే. మరి అయిదు వచనాలు దాటి 26వ వచనములో చూడండి. అత్తాలియ నుండి ఓడ ఎక్కి అంతియొకయకు వెళ్లారని ఉన్నది. ఇప్పుడే విడిచి వచ్చిన ఊరికి మళ్లీ ఓడ ఎక్కడమేమిటి? పైగా మొదటి అంతియొకయ సముద్రానికి దూరంగా కొండసీమలో ఉన్న పట్టణము. అక్కడికి ఏ ఓడా పోదు.

ఈ ప్రశ్న ఎప్పుడైనా మీకు కలిగిందా? కలిగి ఉంటే మీరు శ్రద్ధగా చదివేవారన్నమాట. జవాబు తేలికే. అవి రెండు ఊళ్లు. మొదటిది పిసిదియలోని అంతియొకయ, 13వ అధ్యాయము 14వ వచనములో దాని పేరు పూర్తిగా ఉన్నది. రెండవది సిరియ దేశపు అంతియొకయ. శిష్యులకు క్రైస్తవులనే పేరు మొదట వచ్చినది అక్కడే. లూకా ఒక్కసారి గుర్తు చెప్పి ఆ తరువాత ఊరుకున్నాడు. ఆయన కాలపు చదువరికి ఈకొనియ, లుస్త్ర పక్కన కనిపించే అంతియొకయ ఏదో, ఓడ వెళ్లే అంతియొకయ ఏదో విడమరచి చెప్పనక్కరలేదు. ఇబ్బంది అంతా దూరాన, రెండు వేల ఏండ్ల తరువాత కూర్చున్న మనకే. రెండవ తిమోతి 3వ అధ్యాయము 11వ వచనములో పౌలు తన హింసలను తలచుకొన్నప్పుడు చెప్పిన అంతియొకయ కూడా కొండసీమలోని ఊరే. ఈకొనియ, లుస్త్ర దాని ప్రక్కనే ఉన్నాయి గదా!

ఇన్ని అంతియొకయలు ఎలా వచ్చాయి? అలెగ్జాండరు సేనాపతులలో ఒకడైన సెల్యూకసు తన తండ్రి అంతియొకసు పేరున పదహారు పట్టణాలు కట్టించాడని అప్పియాను అనే ప్రాచీన చరిత్రకారుడు రాశాడు. సిరియ అంతియొకయ నేడు టర్కీ దేశములోని అంతాక్య. 2023 ఫిబ్రవరి 6వ తేదీ భూకంపములో చాలా భాగము కూలిపోయిన నగరము అదే. పిసిదియ అంతియొకయ శిథిలాలు కూడా టర్కీలోనే, యల్వాచ్ అనే ఊరి దగ్గర ఉన్నాయి. అది ఫలానా చోటని 1833లో ఆరండెల్ అనే ఇంగ్లీషు పాదిరిగారు గుర్తుపట్టేవరకు దాని జాడ కూడా లోకానికి సరిగా తెలియదు. పేరు మాత్రము ప్రతి ఆదివారము ఎక్కడో ఒక చోట చదువుతూనే ఉన్నారు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాము. విశాఖపట్నములో కూర్చొని అంతియొకయల గురించి ఆశ్చర్యపోతున్నాము గాని, మన చుట్టూ ఉన్న ఊళ్ల పేర్లు ఇంతకంటె చిక్కుగా ఉన్నాయి.

విశాఖకు సుమారు 60 కిలోమీటర్ల దూరాన విజయనగరము ఉన్నది. అక్కడి నుండి నేరుగా గీత గీస్తే సుమారు 800 కిలోమీటర్ల దూరాన, తుంగభద్ర ఒడ్డున, హంపిలో మరొక విజయనగరము ఉండేది. తెలుగులో రాస్తే రెండింటికీ ఒకటే పేరు, అవే అక్షరాలు. ఇంగ్లీషులో రాసినప్పుడు ఒక విచిత్రము జరిగింది. హంపి విజయనగరానికి 'జె' అనే అక్షరము మిగిలింది. మన విజయనగరానికి 'జెడ్' వచ్చిపడింది. కుంపిణీ కాలపు గుమాస్తాలు మన రాజులను రాసిన తీరు చూడండి. విజయరామరాజు అనే పేరును 'విజియరామ రాజ్' అని రాసి, రెండు చోట్లా 'జ'కు బదులు 'జెడ్' వేశారు. అదే కలముతో వారు విశాఖపట్నమును కూడా రాశారు. అక్కడ 'శ' అనే అక్షరానికి కూడా అదే 'జెడ్'! విజగపటమ్ అన్నారు, చివరికి వైజాగ్ అయింది.

దీని ఫలితము గమనించండి. తెలుగులో ఒకే పేరైన రెండు విజయనగరాలు ఇంగ్లీషులో వేరు వేరు పేర్లయ్యాయి. తెలుగులో ఏ పోలికా లేని విశాఖ, విజయ అనే మాటలు ఇంగ్లీషులో కవల పిల్లలయ్యాయి. రెండింటికీ మొదటి మూడక్షరాలు ఒకటే: వి, ఐ, జెడ్. కాబట్టి తెలుగు పుస్తకము చదివేవాడు మన విజయనగరమును హంపి అనుకొంటాడు. ఇంగ్లీషు కాగితము చదివేవాడు దానినే వైజాగ్ అనుకొంటాడు. పాపము, ఆ ఊరిది రెండు వైపులా అదే అవస్థ!

మన పల్లెల జనము మాత్రము ఈ గొడవలో పడలేదు. వారు 'ఇజీనగరం' అంటారు. హంపిని ఇజీనగరమన్నవాడు ఎక్కడా లేడు. చదువుకొన్నవారు ఆ మాట విని నవ్వుతారు గాని, ఊరిని తప్పు లేకుండా చూపించేది ఆ మాటే.

ఈ పొరపాటు ఎక్కువగా పుట్టేది సింహాచలము కొండ మీద. అక్కడి ఆలయములో శ్రీకృష్ణదేవరాయల 1516 నాటి శాసనము ఉన్నది. ఆయన హంపి విజయనగర చక్రవర్తి. కళింగ దండయాత్రలో గజపతులతో పోరాడుతూ ఇంత దూరము వచ్చాడు. అదే ఆలయానికి వంశపారంపర్య ధర్మకర్తలు పూసపాటివారు, అంటే మన విజయనగర రాజులు. ఒకే కొండ మీద ఇద్దరు 'విజయనగర ప్రభువులు'! చూడవచ్చినవారు రాయలవారిని పూసపాటివారి తాతగారనుకొంటే వారిని ఏమని తప్పుపట్టగలము?

ఇది చాలదన్నట్లు పొట్నూరు కథ ఒకటి ఉన్నది. భీమునిపట్నానికి లోపలి వైపున ఉన్న పాత ఊరది. కృష్ణదేవరాయలు తన జయస్తంభమును పొట్నూరులో నాటించాడు. అటు తరువాత రెండు వందల ఏండ్లకు పూసపాటివారు విజయనగరానికి మారకముందు ఉన్న రాజధాని ఏది అంటే, అదీ పొట్నూరే. హంపి విజయనగరపు రాజు స్తంభము నాటిన చోటి నుండే మన విజయనగరపు రాజులు లేచి వెళ్లారు. రెండు పేర్లనూ కలిపి ముడి వేయడానికే ఎవరో ఏర్పాటు చేశారా అన్నట్లు ఉంటుంది.

అయితే ఏండ్లు చూడండి, ముడి వీడిపోతుంది. హంపి విజయనగరము 1336లో హరిహర బుక్కరాయల చేత మొదలైంది. 1565లో తళ్లికోట యుద్ధము తరువాత ఆ నగరము పాడైపోయింది. పూసపాటి మాధవవర్మ ఈ ప్రాంతానికి వచ్చినది 1652లో. ఆయన వచ్చినది చికాకోలు ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట. అంటే పూసపాటివారు ఇక్కడ కాలు పెట్టింది గోలకొండ నవాబుల కాలములో. పెద విజయరామరాజు పొట్నూరు విడిచి కొత్త ఊరు కట్టినది 1712, 1713 ప్రాంతములో. హంపి పాడుపడి అప్పటికి నూట యాభై ఏండ్లు.

ఆ కొత్త ఊరికి పేరు పెట్టినప్పుడు హంపిని తలచుకొన్నారా? ఊరివారు చెప్పుకొనే కథలో హంపి లేదు. రాజు పేరు విజయరామరాజు. శంకుస్థాపన జరిగినది విజయదశమి నాడు. వారము మంగళవారము, దానికే జయవారమని పేరు. సంవత్సరము విజయనామ సంవత్సరము. అన్ని విజయాలు కలిసివచ్చాయి గనుక విజయనగరమని పెట్టారట. ఇటువంటి కథలు తరువాత అల్లినవి కూడా అయి ఉండవచ్చునని నేను సాధారణంగా అనుమానిస్తాను. కాని ఒక లెక్క మాత్రము కుదురుతున్నది. 2013లో మనము విజయనామ సంవత్సర ఉగాది చూశాము. అరవై సంవత్సరాల చక్రము అయిదుసార్లు వెనక్కు తిప్పితే మూడు వందల ఏండ్లు. సరిగ్గా 1713 వస్తుంది. ఏది ఏమైనా ఊరి పేరుకు మూలము సొంత రాజు పేరని వారే చెప్పుకొంటున్నప్పుడు, దూరాన ఉన్న హంపిని తెచ్చి అంటగట్టవలసిన అవసరము కనిపించదు.

రాజుల పేర్లలోను ఇదే తంటా. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధము జరిగిన కొద్ది రోజులలో తాండ్ర పాపారాయుని చేతిలో చనిపోయినది పెద విజయరామరాజు. 1794 జూలై 10న పద్మనాభము దగ్గర కుంపిణీ సేనతో పోరాడి చనిపోయినది చిన విజయరామరాజు. 'పెద', 'చిన' అనే ఆ ఒక్క మాట ఎగిరిపోతే ఇద్దరూ ఒకరవుతారు, ముప్పై ఏడు సంవత్సరాలు మాయమవుతాయి.

ఈ పొరపాట్లు మనవంటి సామాన్యులకే అనుకొనవద్దు. ఆక్స్‌ఫర్డులో మాక్స్ ముల్లర్ అనే గొప్ప పండితుడు ఉండేవాడు. ఆయన ఋగ్వేదమును సాయణుని వ్యాఖ్యానముతో అచ్చు వేశాడు. మొదటి కూర్పు 1849 నుండి 1874 వరకు సాగింది. ఆ ప్రతులు అయిపోయిన తరువాత రెండవ కూర్పు 1890 నుండి 1892 వరకు నాలుగు సంపుటాలుగా వచ్చింది. దానికి డబ్బు ఇచ్చినది ఎవరు? మన విజయనగర మహారాజు ఆనంద గజపతి. గురజాడ అప్పారావుగారు 1897లో 'కన్యాశుల్కము'ను అంకితమిచ్చినది కూడా ఆయనకే. మాక్స్ ముల్లర్ సంస్కృత పండితుడు గదా, ఆయనకు గుమాస్తాల 'జెడ్' రుచించలేదు కాబోలు. ముఖపత్రము మీద మహారాజుగారి ఊరి పేరును సంస్కృతములో ఉండవలసినట్లు 'విజయనగర' అనే అచ్చు వేయించాడు.

ఇందులో తప్పేమున్నది అంటారా? తప్పు ఏమీ లేదు, శుద్ధమైన రూపము అదే. కాని ఆ పుస్తకములో వ్యాఖ్యానము రాసిన సాయణుడు ఎవరు? 14వ శతాబ్దములో బుక్కరాయల దగ్గర మంత్రిగా ఉన్నవాడు, అంటే హంపి విజయనగరము మనిషి! లోపల హంపి విజయనగరపు పండితుడు, ముఖపత్రము మీద మన విజయనగరపు మహారాజు, మధ్యలో అయిదు వందల ఏండ్లు. ఆ పుస్తకమును చేత పట్టుకొన్న ఇంగ్లండు చదువరి ఆ రాజవంశము ఇంకా హంపిలో ఏలుతున్నదని అనుకొంటే ఆశ్చర్యమేమున్నది? గుమాస్తా తప్పుగా రాసిన పేరు ఊరిని కాపాడింది, పండితుడు సరిగా రాసిన పేరు ఊరిని దాచేసింది. నాకైతే ఈ కథలన్నిటిలో ఇదే ఎక్కువ ముచ్చటగా తోస్తుంది.

శ్రీకాకుళము సంగతి కూడా చెప్పుకొందాము. అదీ కృష్ణదేవరాయల దండయాత్రతోనే ముడిపడి ఉన్నది. ఆయన 'ఆముక్తమాల్యద' రాయడానికి ప్రేరణ శ్రీకాకుళములో కలిగిందని ఆ కావ్యమే చెప్పుతున్నది. కళింగము మీదికి వెళ్తూ మధ్యలో ఆగిన శ్రీకాకుళము అనగానే ఉత్తరాంధ్రవారమైన మనకు నాగావళి ఒడ్డున ఉన్న మన సిక్కోలే గుర్తుకు వస్తుంది. కళింగము కూడా ఇదే గదా! కాని అది కాదు. కృష్ణా జిల్లాలో ఘంటసాల మండలములో శ్రీకాకుళము అనే ఊరు ఉన్నది. ఆంధ్రవిష్ణువు ఆలయము ఉన్నది అక్కడే. గుర్తు ఏమిటి? రాయలవారు విజయవాడలో కొన్ని దినములు విడిది చేసి అక్కడి నుండి శ్రీకాకుళము వెళ్లినట్లు చెప్పుకొన్నాడు. లూకా రాసిన ఈకొనియ, లుస్త్రల మాదిరిగానే ఇక్కడ విజయవాడ పక్కన నిలబడి దారి చూపుతున్నది. మన శ్రీకాకుళము పేరు దొరల కాగితాలలో చికాకోల్. నేటికీ ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ రైలు స్టేషనుకు రైల్వేవారి సంకేతము 'సి, హెచ్, ఇ'. పాత పేరు అక్షరాలలో ఇంకా బ్రతికి ఉన్నది.

ఇక జయపురము. ఇది మన సంఘాలకు బాగా సంబంధించిన సంగతి. నేడు ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో ఉన్న జయపురము 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడేవరకు మన విశాఖపట్నము జిల్లాలోనిదే. దాని ఇంగ్లీషు రూపము జైపోర్. రాజస్థానములోని జైపూరును కూడా దొరలు 19వ శతాబ్దములో అవే అక్షరాలతో రాసేవారు. 1890లో అచ్చు మొదలైన 'జైపోర్ పోర్ట్‌ఫోలియో' అనే ప్రసిద్ధమైన కట్టడాల చిత్రాల పుస్తకము రాజస్థాన్ జైపూరు మహారాజు వేయించినది, మన కొండల జయపురముది కాదు.

ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో చదువుకొన్న మీ పిల్లలను అడగండి. 1926లో స్థాపించబడిన ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన జయపురము మహారాజు విక్రమదేవ వర్మగారు ఎక్కడివారని. ఆయన పేరున అక్కడ శాస్త్ర సాంకేతిక కళాశాల వెలిసింది. అయినా రాజస్థాన్ రాజు అంత దూరము నుండి మనకు డబ్బెందుకు పంపాడని అడిగేవారు ఉన్నారు. ఆయన మన పొరుగువాడే. లక్ష రూపాయలు అంటే ఆ కాలములో ఎంత! అంత ఇచ్చిన చేయి మన కొండల మీదిదని తెలియకపోతే ఆ మేలు మరొకరి ఖాతాలో పడిపోతుంది.

1882లో జర్మనీ దేశపు బ్రెక్లుమ్ మిషను వారు సువార్త పని కోసము వచ్చినది కూడా ఈ జయపురము సీమకే. సాలూరు, పార్వతీపురములలోని లూథరను సంఘాలవారు తమ మూలాలు అక్కడ వెదుక్కోవాలి. జయపురము ఇవాంజెలికల్ లూథరన్ సంఘము అనే పేరులో ఉన్నది ఆ ఊరే. రైలు టిక్కెట్టు తీసుకొనేటప్పుడు 'జె, వై, పి' అంటే మన జయపురము, 'జె, పి' అంటే రాజస్థాన్ జైపూరు. ఒక్క అక్షరము తేడా, చేరేది దేశము ఆ చివరకు.

మీ సంఘములో శతజయంతి సంచిక వేయాలనుకొంటున్నారేమో, లేదా మీ తాతముత్తాతల బాప్తిస్మపు వివరాలు పాత మిషను కాగితాలలో వెదుకుతున్నారేమో. అప్పుడు ఈ 'వి, ఐ, జెడ్' మీ కళ్లను తప్పక మోసగిస్తుంది. ఎందుకంటే లండన్ మిషనెరీ సొసైటీవారు విశాఖపట్నములోను, తరువాత విజయనగరములోను, చికాకోలులోను పని చేశారు. ఒకే సంస్థ, ఒకే జిల్లా, మొదట్లో ఒకేలా కనిపించే రెండు పేర్లు. పేరును కుదించి రాసిన చోట అది ఏ ఊరో చెప్పేది పక్కన ఉన్న మాటలే. ఓడరేవు, సముద్రము, కలెక్టరు కచేరీ కనిపిస్తే విశాఖ. కోట, మహారాజు కనిపిస్తే విజయనగరము. అయితే విజయనగర మహారాజుకు విశాఖలోను భూములు, భవనాలు ఉండేవి. మహారాజు మాట ఒక్కటే చూసి తొందరపడవద్దు. సంవత్సరము కూడా చూడండి. 1805 అని ఉంటే అది విశాఖపట్నమే.

ఆ సంవత్సరమే జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనెరీలు విశాఖకు వచ్చారు. వారికి తెలుగు రాదు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడై సువార్తలను తెలుగులోనికి మార్చే పనిలో కూర్చున్నాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. తాము మార్చినది అచ్చయి రావడము ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని సెరాంపూరులో అచ్చయ్యాయి. మిగిలిన పనిని ఎడ్వర్డ్ ప్రిచెట్ సాగించగా తెలుగు క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. అచ్చు ఒకటి బెంగాలులో, మరొకటి మద్రాసులో జరిగింది గాని, ఆ మొదటి సువార్తలను తెలుగులో పలికించినది విశాఖపట్నములోనే, సముద్రపు ఒడ్డున. కోట ఉన్న ఊళ్లో కాదు.